గుర్రం జాషువా కవి – కాటిసీను పద్యములు

తిరునాళ్లు వచ్చినను, పంటలు ఇండ్లకు చేరినను సత్యహరిశ్చంద్ర నాటకము ఆడింపని గ్రామము పల్నాటి సీమయందు పూర్వము అరుదు. నకరికల్లు మొదలు మాచర్ల వరకు బండ్లు కట్టుకొని పోయి, తెల్లవారుదాక రెప్పవేయక చూచినవారు ఎందరో కలరు. వారు కాచుకొని యుండెడిది కాటిసీను కొరకు. రాజ్యము కోల్పోయి, వీరబాహునకు అమ్ముడువోయి, కాటికాపరియైన హరిశ్చంద్రుడు శ్మశానమున నిలిచి రాగము తీసి పద్యమెత్తుకొనగా సభ యంతయు సద్దణగును. పద్యము ముగియగానే ఒన్సుమోరు కేకలు మిన్నుముట్టును.

నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారిది, 1912 నాటిది. కాని ఆ సీనులో నటులు పాడు పద్యములలో కొన్ని వారివి కావు. అవి శ్మశానవాటి యను ఖండికలోనివి. జనులు మెచ్చుటచే నటులు వానిని నాటకములో చేర్చుకొనిరి. ఆ ఖండికను రచించినవారు వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాగారు. ఆ పద్యములకు కన్నీరు విడిచినవారిలో పలువురు ఆయనను తమ అరుగుపై కూర్చుండనిచ్చి యుండరు.

జాషువాగారు 1895 సెప్టెంబరు 28న జన్మించిరి. తండ్రి వీరయ్య యాదవులు. తల్లి లింగమ్మ మాదిగ కులమువారు. ఇల్లు క్రైస్తవ మతమును స్వీకరించినది. మతము మారినను ఊరివారి దృష్టి మారలేదు. బడిలో తోడి బాలురు ఎగతాళి చేయుచుండెడివారు. బాల్యమిత్రులగు దీపాల పిచ్చయ్యశాస్త్రిగారి సాంగత్యముచే కవిత్వమున ఆసక్తి పెరిగెను. పిమ్మట జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదివిరి. ఆ కాలమున అట్టి శిష్యుని చేరదీసి కాళిదాసును చెప్పిన గురువును గూడ తలచుకొనవలయును.

వినుకొండలో ఒకప్పుడు అవధాన సభ జరుగగా యువకుడైన జాషువా తాను రచించిన పద్యములు చదివిరి. పద్యములు బాగున్నవో లేవో విచారింపక, ఇతనిని సభలోనికి ఎవరు రానిచ్చిరని కొందరు అవమానించిరి. తన కవిత్వమును తలయూపుచు విని, పిదప కులమడిగి, చెప్పగనే లేచిపోవువారిని గూర్చి ఆయన తరువాత పద్యమే వ్రాసిరి. ఇక పురాణగాథలను ఆదరించి వ్రాయుచున్నాడని క్రైస్తవులలో కొందరు ఆయనను వెలివేసిరి. అటు కోవెలకు, ఇటు చర్చికి నడుమ నిలిచి ఆయన వ్రాయవలసి వచ్చెను.

జీవనము కొరకు రాజమహేంద్రవరమున మూకీ చిత్రములకు కథ చదివి వినిపించిరి. గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పది యేండ్లును, పిమ్మట 1928 మొదలు 1942 వరకు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగాను పనిచేసిరి. 1932లో పిరదౌసి కావ్యము వెలువడెను. పద్యమునకొక బంగారు నాణెమని మాట యిచ్చి వెండి చెల్లించిన గజనీ మహమ్మదు కథను, మాట తప్పుటలోని బాధ నెరిగిన కవియే అట్లు వ్రాయగలడు.

1941లో గబ్బిలము వచ్చెను. కాళిదాసు యక్షుడు ప్రియురాలి కొరకు మేఘమును పంపెను. జాషువాగారి కథానాయకుడు అంటరాని పేదవాడు. అతనికి పంపవలసినది ప్రేమవార్త కాదు, ఆకలి వార్త. కాశీ విశ్వనాథునకు మొర పెట్టుకొనవలెనన్న గుడి గడప అతనికి నిషిద్ధము. గబ్బిలమునకు అడ్డులేదు, అది గర్భగుడిలో దేవుని చెవి చెంతనే వ్రేలాడగలదు. కావున దానినే దూతగా పంపెను. మేఘసందేశము చదువుకొన్న చదువు ఎక్కడికి చేరినదో పాఠకులు గ్రహింతురు గాక.

అయినను గబ్బిలము చదువుటకు అక్షరము రావలయును. కాటిసీనుకు అక్కరలేదు. రాజు, కవి, పసిబిడ్డ అందరును ఆ నేలలోనే కలియుదురనియు, అంటరానితనము అడుగు పెట్టజాలని చోటు ఈ భూమిపై అదియొక్కటే యనియు ఆ పద్యముల భావము. పలక పట్టని పాలేరును, పొలముగట్టున గొడ్లు కాచు కుర్రవాడును వానిని కంఠస్థము చేసిరి. అమెరికాలో నల్లవారికి బస్సులందు ముందు వరుస కూడనిదై యుండగా, 1955 డిసెంబరులో మాంట్‌గోమరీ నగరమున వారు బస్సులెక్కుట మాని 381 దినములు గడపిరి; చర్చీలలో గుమిగూడి పాటలు పాడుకొనిరి. పాటవలననే ఎందరికో ఆ పోరాటము తెలిసెను. మన సీమలో ఆ పని పద్యము చేసెను. రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది 1950లో. దానిని నేరముగా శిక్షించు చట్టము వచ్చినదియు 1955లోనే. పద్యము చట్టము కంటె ముందే పల్లె చేరినది.

గౌరవములు ఆలస్యముగానైనను వచ్చినవి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో ఆయన పాదమునకు గండపెండేరము తొడిగిరి. సభలోనికి ఎవరు రానిచ్చిరని అడిగిన లోకమునకు అంతకంటె సమాధానమేమి కావలయును? 1957 నుండి 1959 వరకు మద్రాసు రేడియోలో పనిచేసిరి. 1964లో క్రీస్తుచరిత్రకు సాహిత్య అకాడమీ బహుమతియు, శాసనమండలి సభ్యత్వమును, 1970లో పద్మభూషణ బిరుదమును లభించినవి. 1971 జులై 24న గుంటూరులో తనువు చాలించిరి.

ఆ పిదపను పల్నాటి పల్లెలలో హరిశ్చంద్ర ఆడిరి. శ్మశానమున రాగము తీసిన నటునకు మరల ఒన్సుమోరు పడెను.