కొంచెములో నమ్మకముగా నుండిన సేవకురాలు
డాక్టరు అన్నా కుగ్లరుగారి జీవితము

ధ్యాన భాగములు: లూకా 16:10, కీర్తనలు 92:12–15



పెద్ద పని చేయగల శక్తి యుండియు చిన్న పనితో ప్రారంభింపవలసిన దినములు విశ్వాసికి వచ్చును. అట్టి దినములలో మనస్సు కృంగిపోవును. నా చదువు, నా అనుభవము వ్యర్థమగుచున్నవే యని తలంపు పుట్టును. గుంటూరులో సుమారు 47 సంవత్సరములు సేవచేసి, అక్కడనే ప్రభువునందు నిద్రించిన డాక్టరు అన్నా సారా కుగ్లరుగారు అట్టి దినములను ఎట్లు గడిపిరో తెలిసికొనుట మనకు మేలు.

ఆమె 1856 ఏప్రిల్ 19వ తేదీన అమెరికా దేశమందలి పెన్సిల్వేనియా రాష్ట్రములో ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించిరి. స్త్రీలు వైద్యవిద్య నేర్చుట అరుదైన ఆ కాలములో, ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టము పొందిరి. తరువాత నారిస్‌టౌనులోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగమున వైద్యురాలిగా పనిచేయుచుండిరి. మంచి ఉద్యోగము, స్వదేశము, తనవారు అన్నియు ఆమెకు ఉండెను.

గుంటూరులో లూథరను మిషను పని 1842లో హయ్యరు అయ్యగారితో ప్రారంభమైనది. నలువది ఏండ్లు గడచినను స్త్రీలకు వైద్యము చేయుటకు ఆ మిషనులో వైద్యురాలు లేకుండెను. ఘోషా పాటించు ఇండ్లలోని స్త్రీలు పరాయి పురుషునికి తమ రోగమును చూపుకొనరు. కాన్పు కష్టమైనప్పుడు మంత్రసానికి తెలిసినంతవరకే సహాయము. ఆమెకు తెలియనిది వచ్చినచో తల్లికిని బిడ్డకును దిక్కు లేదు. ఈ అవసరతను తెలుపుచు రో అయ్యగారు అను మిషనరీ వ్రాసిన ఉత్తరము కుగ్లరుగారికి చేరెను. ఆమె వచ్చుటకు సిద్ధపడిరి.

అయితే పంపవలసిన స్త్రీల సమాజము వైద్యసేవను ప్రారంభించుటకు అప్పటికి సిద్ధముగా లేదు. ఇండ్లలోని స్త్రీలకును బాలికలకును బోధించు పనికైతే పంపుదుమనిరి. పట్టము పొందిన వైద్యురాలు ఉపాధ్యాయురాలి పనికి ఒప్పుకొని, 1883 చివర గుంటూరు చేరిరి. ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింతము. నాకు తగిన పని యిచ్చినప్పుడే వచ్చెదనని ఆమె చెప్పియుండవచ్చును. అట్లు చెప్పినయెడల ఆమెను తప్పుపట్టువారు ఉండరు. ఆమె అట్లు చెప్పలేదు. తెలుగు నేర్చుకొని, అప్పగింపబడిన బోధనపనిని చేయుచు, తన యొద్దకు వచ్చిన రోగులకు మందు ఇచ్చుచుండిరి. సమాజము తీర్మానించువరకు రోగములు ఆగవు గదా! దినదినము రోగులు పెరుగుటయే ఆ సేవ ఎంత అవసరమో చూపెను. రెండేండ్లకు, అనగా 1885 చివర, మిషను ఆమెను వైద్య మిషనరీగా నియమించెను.

ఆ నియామకముతో కష్టములు తీరలేదు. అగ్రవర్ణముల ఇండ్లలో ఆమె స్పర్శ మైలగా ఎంచబడెను. ప్రాణము నిలుపుటకు వచ్చిన చేతిని తాకుటకు జంకిరి. అయినను మరల పిలుపు వచ్చినప్పుడు ఆమె మరల వెళ్లిరి. అవమానమును లెక్కచేసినచో రోగి యొద్దకు చేరలేమని ఆమె నడత మనకు చూపుచున్నది.

ఆసుపత్రి కట్టుటకు ధనము కావలెను. సెలవుమీద స్వదేశమునకు వెళ్లినప్పుడు ఆమె విశ్రాంతి తీసికొనుటతో తృప్తిపడక, సంఘములలో ఈ అవసరతను గూర్చి చెప్పిరి. అక్కడి సంఘస్త్రీలు కానుకలు కూర్చిరి. మొదట మందుల ఇల్లు లేచినది. తరువాత 1898 జూన్ నెలలో 50 పడకల ఆసుపత్రి తెరువబడినది. ఆమె గుంటూరు చేరిన పదునైదవ ఏట ఇది జరిగెను. ఈ పనిలో ఆమె ఒంటరి కాదు. డాక్టరు మేరీ బేరుగారును, నర్సు కేథరిన్ ఫాస్‌గారును తోడుగా నిలిచిరి. తెలుగు యువతులు నర్సుల పని నేర్చుకొని, రాత్రింబగళ్లు పడకల యొద్ద సేవచేసిరి.

కాలక్రమమున జనుల మనస్సులు మారెను. ఏలూరు జమీందారు భుజంగరావుగారు తన భార్యకు అక్కడ జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి యొద్ద సత్రము కట్టించిరి. మైల యని తొలగిన సమాజములోనుండియే ఆ కానుక వచ్చుట గమనింపదగినది. 1905లో ప్రభుత్వము ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చి గౌరవించెను. 1917లో మరల ఆ గౌరవము దక్కెను.

వార్ధక్యము వచ్చినను ఆమె గుంటూరును విడువలేదు. డెబ్బది దాటిన పిమ్మట, 1928లో, ఆ ఆసుపత్రి చరిత్రను గ్రంథముగా ప్రకటించిరి. 1930 జూలై 26వ తేదీన, 74వ ఏట, గుంటూరులోనే తన పరుగు ముగించిరి. ఆ ఆసుపత్రికి కుగ్లర్ ఆసుపత్రి యని పేరు నిలిచినది. ముసలితనమందును చిగురు పెట్టు చెట్టువలె నీతిమంతులు ఉందురని కీర్తనకారుడు తెలిపిన మాటకు ఆమె జీవితము దృష్టాంతము.

గుంటూరు మనకు దూరమే. కాని ఇట్టి సేవ మనకు దగ్గరలోనే నిజామాబాదు జిల్లాలోను జరిగినది. డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్‌గారు కుష్ఠురోగులకై 1915లో ఆసుపత్రి ప్రారంభించిరి. దాని నిర్మాణమునకు రాజా నర్సాగౌడ్‌గారు ధనసహాయము చేసిరి.

ఇప్పుడు మన కథలాపూరు చుట్టుపట్ల గ్రామములను చూడుడి. కుమారులు గల్ఫు దేశములకు బ్రతుకుతెరువుకై వెళ్లిన ఇండ్లు ఎన్నో. పైకము వచ్చును, కాని జ్వరముతో పడియున్న అవ్వకు గంజి కాచి పోయువారు ఎవరు? కోరుట్లకో జగిత్యాలకో ఆసుపత్రికి తోడు వెళ్లువారు ఎవరు? కన్నులు కనబడని తాతకు బైబిలు చదివి వినిపించువారు ఎవరు? దీనికి డాక్టరు పట్టము అక్కరలేదు. దినమంతయు బీడీలు చుట్టి అలసిన సహోదరియు ఒక గడియ చేయగలదు. బడికి వెళ్లు బాలుడు బిందెడు నీళ్లు తెచ్చి పెట్టగలడు. సంఘములో పదవి దొరికినప్పుడు సేవచేసెదమని కనిపెట్టుకొని యుండువారలారా, ప్రభువు ఇప్పటికే మీ వాకిటి యెదుట చిన్న పని ఉంచియున్నాడు. కుగ్లరుగారికి పెద్ద ఆసుపత్రి ద్వారము తెరచినవాడు ఆయనయే. ఆ ద్వారమునకు దారి చిన్న పనిలోనుండియే పోయెను.

ఈ నెలలో ప్రతి కుటుంబము తమ వీధిలో ఒక వృద్ధుని లేక రోగిని ఎంచుకొని, వారమునకు ఒకసారియైనను దర్శించుటకు తీర్మానించుకొనుడి. వారు మన సంఘమువారా కారా యని అడుగకుడి.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మాకు అప్పగింపబడిన కొంచెములో నమ్మకముగా నుండు మనస్సు దయచేయుము. మా గ్రామములోని వృద్ధులను, రోగులను, ఒంటరివారిని మా కన్నులకు చూపుము. వారి యొద్దకు మా పాదములను నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.