కండరాల శక్తి రహస్యం – డా. యల్లాప్రగడ సుబ్బారావు

నడవాలన్నా, బరువు ఎత్తాలన్నా మన కండరాలకు శక్తి కావాలి. ఆ శక్తి ఏ రూపంలో అందుతుందో తెలియజేసిన శాస్త్రవేత్తలలో సుబ్బారావు ఒకరు.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరుని బలితీసుకుంది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో ఆయన అమెరికా వెళ్ళారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. కండరాలను ఆ పద్ధతిలో పరీక్షించగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు.

ఏటీపీ చేతిలోని చిల్లర వంటిది. కణం ప్రతి పనికీ దానినే ఖర్చు చేస్తుంది. మైటోకాండ్రియాలో ఉండే ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్ దానిని తిరిగి తయారుచేస్తుందని తరువాత తెలిసింది. ఆ ప్రోటీన్ లోపిస్తే కండరాలు, నాడులు దెబ్బతింటాయి.

హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు మందయింది. సోదరునికి అందని మందు ఇతరులకు అందింది. 1948లో, 53వ ఏట సుబ్బారావు మరణించారు.

ఆలోచించండి: ఏటీపీని చిల్లరతో ఎందుకు పోల్చాం?