ఒకవేళ గణపతిదేవుడు అల్లుణ్ణి ఎంచుకొని ఉంటే?

మా తుళ్లూరు మండలం మల్కాపురంలో ఒక శాసనస్తంభం కలదు. కాకతీయుల కాలంలో, 1261లో వేయించినది. గణపతిదేవ చక్రవర్తి తన గురువైన విశ్వేశ్వర శంభువుకు మందడం గ్రామాన్ని ఇస్తానన్నాడు. ఆ మాట చెల్లించి, దానికి వెలగపూడిని కూడా కలిపి ధారపోసినది ఆయన కుమార్తె రుద్రమదేవి. ఆ రాబడిలో నుంచి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి, చదువు చెప్పేవారికి ఏర్పాట్లు చేశారు. ఇప్పుడు రాష్ట్ర సచివాలయం ఉన్నది ఆ వెలగపూడిలోనే అని మన కాలేజీలో ఎంతమందికి తెలుసో!

నేను చదివేది బి.ఎస్సీ. చరిత్ర నా సబ్జెక్టు కాదు. ల్యాబులో ఒక్క పదార్థాన్ని మార్చి ఫలితం ఎలా మారుతుందో చూస్తాం కదా, రుద్రమ జీవితాన్ని అలా చూడాలని నాకు చాలా రోజులుగా కోరిక.

గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కాడు. అరవై ఏళ్లకు పైగా ఏలి తెలుగునేలలో చాలా భాగాన్ని ఒక్క ఏలుబడి కిందికి తెచ్చాడు. అన్నీ ఉన్నాయి గాని మగబిడ్డ లేడు. శాసనాల్లో కనిపించేది ఇద్దరు కూతుళ్లు. గణపాంబను మనకు దగ్గర్లోని ధరణికోటను ఏలే కోట బేతరాజుకిచ్చాడు. భర్త పోయాక ఆ సీమను ఆమే పాలించింది. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికిచ్చాడు. ఆనాటి లోకం తీరు చూస్తే పట్టం అల్లుడికో, బలమున్న దాయాదికో పోవాలి. ముసలిరాజు అలా చేయలేదు. కూతుర్నే తన పక్కన కూర్చోబెట్టి, రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పాలన అప్పగించాడు.

సుమారు నూట ఇరవై ఏళ్ల తరువాత ఎక్కడో ఐరోపాలోని పోలండుకు ఇదే చిక్కు వచ్చింది. రాజు లూయీ 1382లో మగసంతానం లేకుండా పోయాడు. 1384లో పదేళ్ల పిల్ల యాద్విగను రాణి అనకుండా రాజు అనే బిరుదుతోనే క్రాకోలో అభిషేకించారు. అయితే అక్కడి దొరలు ఆమెకు ముందు కుదిరిన సంబంధం చెడగొట్టి, లిథువేనియా ప్రభువు యాగైలోకిచ్చి పెళ్లి చేసి 1386లో అతణ్ణీ రాజును చేశారు. ఓరుగల్లులో మాత్రం వీరభద్రుడు ఏనాడూ రాజు కాలేదు. నా మటుకు నాకు ఈ తేడా చాలా పెద్దదిగా తోస్తుంది.

మేమూ ఇద్దరం ఆడపిల్లలమే. పొలం మాట వస్తే ఊళ్లో పెద్దలు మా నాన్నను అల్లుళ్లెవరని అడుగుతారు గాని కూతుళ్లేం చేస్తున్నారని అడగరు. 1985లో మన రాష్ట్రంలోనూ, 2005లో దేశమంతటా ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిస్తూ చట్టాన్ని సవరించారు. అయినా అడిగే ప్రశ్న మారలేదు.

సరే, వీరభద్రుడికే పట్టం కట్టారనుకొందాం. అతడిది ఒకప్పుడు గొప్ప వంశమే కావచ్చు, అప్పటికి మాత్రం సామంతుల ఇల్లు. రేచర్ల ప్రసాదిత్యుడు, గోన గన్నారెడ్డి, కాయస్థ జన్నిగదేవుడు వంటి దండనాయకులు సాటి సామంతుడికి తలవంచేవారా? నాకు నమ్మకం లేదు. కాకతి రక్తమని వాళ్లు రుద్రమ వెనుక నిలబడ్డారు. అది మామూలు సమయం కూడా కాదు. 1263 ప్రాంతాల ముత్తుకూరు దగ్గర పాండ్యుల చేతిలో కాకతీయ సేన ఓడింది. నెల్లూరు సీమ చేజారింది. అదే అదననుకొని దేవగిరి యాదవ మహాదేవుడు పడమటి నుంచి దండెత్తి వచ్చాడు. ఓరుగల్లులో ఎవరికివారే రాజులై ఉంటే, 1323లో పడిన ఆ కోట అప్పుడే పడేదేమో. (సవతి తమ్ముళ్లు తిరగబడితే రుద్రమ అణచిందని ప్రతాపరుద్రచరిత్ర చెబుతుంది గాని, అది చాలా కాలం తరువాత రాసినది. చరిత్రకారులు అంతగా నమ్మరు.)

జరిగింది వేరు. రుద్రమ మహాదేవుణ్ణి తరిమికొట్టి బీదరు దాకా వెళ్లింది. అక్కడి కోటలో ఆమె శాసనం దొరికింది. తండ్రి కాలపు రాతికోటను పూర్తి చేయించింది. మోటుపల్లి రేవు సంగతి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ దేశాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతున్నదని, ఇక్కడి సన్నని నూలుబట్టలు, వజ్రాలు మేలైనవని మెచ్చుకున్నాడు. మన పత్తి పేరు అప్పటికే అంతదూరం పోయిందన్నమాట!

ఆమె ముగింపు మాత్రం కష్టమైనది. నమ్మిన కాయస్థుల ఇంట్లోనే అంబదేవుడు ఎదురుతిరిగాడు. మనవడు ఎదిగివచ్చిన వయసులో ఆమె మళ్లీ దండు వెంట కదిలింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనం ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయినట్లు తెలుపుతుంది. వారి పుణ్యం కోసం దానం చేసి ఆ రాయి వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే బంటు. అంబదేవునితో యుద్ధంలోనే ఆమె కూలిందని పలువురు పండితుల అభిప్రాయం. మరుసటి ఏడు త్రిపురాంతకంలో అంబదేవుడు తన విజయాలు చెక్కించుకున్నాడు. కొద్దికాలంలోనే ప్రతాపరుద్రుడు ఆ త్రిపురాంతకాన్ని తిరిగి పట్టుకున్నాడు. అతడు రుద్రమ పెద్దకూతురు ముమ్మడమ్మ కొడుకు. ఆమె దత్తు తీసుకొని, తన తరువాత రాజని తానే నిర్ణయించినవాడు.