గణకాగ్రణి రాధానాథ సిక్దారు

నిర్మల్ జిల్లాలోని ఖానాపూరునకు పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున 78వ తూర్పు రేఖాంశము పోవుచున్నది. కన్యాకుమారి మొదలుకొని హిమాలయ పాదముల వరకు ఇంచుమించుగా ఈ రేఖ వెంబడి భూమిని కొలుచు మహాకార్యము పందొమ్మిదవ శతాబ్దమున జరిగెను. 1802లో లాంబ్టను దొర మద్రాసు చెంత పని ప్రారంభించెను. 1815 నాటికి కొలత బీదరు చేరెను. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో అతని సహాయకుడు ఎవరెస్టు దొర విషజ్వరము పాలయ్యెను. 1823లో లాంబ్టను హైదరాబాదు నుండి నాగపూరు పోవుచు దారిలోనే కన్నుమూసెను.

ఒక భుజమును గొలుసుతో కొలిచి, గుట్టలపై నిలిచి కోణములను చూచి, తక్కిన భుజములను లెక్కచే సాధించుట వీరి పద్ధతి. కొలుచుట ఒక యెత్తు, ఆ అంకెల రాశిని లెక్కగట్టుట మరియొక యెత్తు. కంప్యూటరు అను మాట ఆనాడు యంత్రమునకు పేరు గాదు, లెక్కలు కట్టు ఉద్యోగికి పేరు. అట్టి ఉద్యోగులలో అగ్రగణ్యుడు రాధానాథ సిక్దారు.

రాధానాథుడు 1813లో కలకత్తాలోని జొరాసాంకోలో జన్మించెను. హిందూ కళాశాలలో గణితమున ఆరితేరెను. ఎవరెస్టు దొర గణితజ్ఞుడైన యువకుని కోరగా గురువు టైట్లరు ఇతని పేరు చెప్పెను. 1831 డిసెంబరులో ఇతడు సర్వే కొలువున చేరెను. పిదప వేరొక ఉద్యోగమునకు పోగోరినను ఎవరెస్టు ఇతనిని వదలుకొనలేదు.

ఒక్కనికి అలవిగాని లెక్కను పలువురకు పంచియిచ్చెడివారు. ప్రతి త్రిభుజపు కోణములను సవరించుపని వేరువేరు చేతులలో ఏకకాలమున సాగవచ్చును. కాని ఒక త్రిభుజపు భుజము తేలినగాని పొరుగు త్రిభుజము తేలదు. నడుమ ఒకడు తప్పినచో ఆ తప్పు కడవరకు ప్రాకును. అందుచే ఒకే లెక్కను ఇరువురు వేరువేరుగ కట్టి సరిచూచుకొనెడివారు. నేడు అపారమైన సమాచారమును వేల యంత్రములకు పంచి, ఫలితములను ఒకచోట కూర్చువారికిని ఈ చిక్కులే కలవు.

రాధానాథుడు అంకెల మనిషియే గాని లొంగిపోవువాడు కాడు. 1843లో డెహ్రాడూనున మేజిస్ట్రేటు ఒకడు సర్వే శాఖ కూలీలచే తన సామానులను ఉచితముగా మోయించుకొనెను. రాధానాథుడు ఆ సామానులను ఆపివేసెను. వ్యవహారము న్యాయస్థానమునకు పోయెను. ఇతనికి 200 రూపాయల జుల్మానా పడెను. పేద కూలీల పక్షమున ఒక భారతీయోద్యోగి దొరను ఎదిరించుట ఆ దినములలో సామాన్యవిషయము కాదు.

1849లో ఇతడు ప్రధాన గణకుడై కలకత్తా చేరెను. ఆ కాలముననే పదునైదవ సంఖ్య గల హిమశిఖరమును నూరు మైళ్లకు పైబడిన దూరమున ఆరు తావుల నుండి చూచి కోణములు గైకొనిరి. అంత దూరమున గాలిలో వెలుగు వంగును. భూమి గుండ్రదనము శిఖరమును క్రిందికి దింపును. వీనిని సవరింపగా ఆరు ఫలితములును కొన్ని అడుగుల తేడాతో వచ్చెను. వాని సగటు 29,002 అడుగులు. ప్రపంచమున అంతకుమించిన శిఖరము లేదని తేలెను. ఈ గణనము 1852 ప్రాంతమున రాధానాథుడు చేసెనని ప్రతీతి. డెహ్రాడూను గణకుల శ్రమయు ఇందు కలదు. పలుమార్లు సరిచూచిన పిమ్మట 1856లో వా దొర దీనిని ప్రకటించెను. 2020లో నిర్ణయించిన యెత్తు 8,848.86 మీటర్లు. నాటి లెక్కకు దీనికి తేడా సుమారు 9 మీటర్లు మాత్రమే. శిఖరమునకు మాత్రము 1865లో ఎవరెస్టు పేరు స్థిరపడెను.

రాధానాథుడు కలకత్తా వాతావరణ పరిశోధనశాలను కూడ నడపెను. స్త్రీలకు సులభముగా బోధపడు వంగభాషలో 1854లో మిత్రుడు ప్యారీచంద్ మిత్రతో కలిసి ఒక మాసపత్రిక వెలువరించెను. 1862లో ఉద్యోగము మానెను. 1870 మే 17న చందన్‌నగరు చెంత గొందల్పారాలో మరణించెను.

1851లో వెలువడిన సర్వే గ్రంథమున కొన్ని భాగములు ఇతడు వ్రాసినవే. తొలి కూర్పు పీఠికలో ఆ మాట ఒప్పుకొనియుండిరి. ఇతడు పోయిన అయిదేండ్లకు, 1875లో వచ్చిన మూడవ కూర్పున ఆ పేరు తొలగించిరి. ఇతని వ్రాత మాత్రము అందుండెను. దొరల పత్రికయే దీనిని గర్హించెను. 2004లో భారత తపాలా శాఖ ఇతని పేర తపాలాబిళ్ల వెలువరించెను.