అమరావతి కట్టించిన వేంకటాద్రి నాయుడుగారు

నూజెండ్లలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో భవనాల ఎస్టిమేట్లు ఎన్నో నా బల్ల మీదుగా వెళ్లాయి. అవి చూసినప్పుడల్లా మన ప్రాంతపు గొప్ప నిర్మాత రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు గుర్తుకు వచ్చేవారు.

1761లో జన్మించిన ఆయన 1783లో జమీందారీ చేపట్టారు. చింతపల్లి నుండి తరలివచ్చి, అమరేశ్వరుని సన్నిధిని కొత్త పట్టణం కట్టించి, వర్తకులను పిలిపించి కాపురాలు పెట్టించారు. ఆలయం బాగుచేయించారు. 1807-09 మధ్య మంగళగిరిలో 153 అడుగుల గాలిగోపురాన్ని పదకొండు అంతస్తులుగా లేపారు.

అయితే ఒక నష్టమూ జరిగింది. ఇళ్లకు రాయి, ఇటుక కావలసి పక్కనున్న దీపాలదిన్నెను తవ్వారు. అది ప్రాచీన బౌద్ధ మహాస్తూపమని ఆనాడు ఎవరికీ తెలియదు. 1797-98 ప్రాంతంలో ఆ శిల్పాలు చూసిన మెకంజీ దొర, నాయుడుగారి జీవితం ముగింపుకు వచ్చిన 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. అప్పటికే దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. మిగిలిన పలకల్లో చాలావరకు నేడు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి.

నాయుడుగారి దాతృత్వానికి ఇది మచ్చ కాదు, మనకు పాఠం. మన ఊళ్లలో పాత సత్రమో, బడో పడగొట్టేముందు ఆ రాయి ఏనాటిదని పెద్దలమైన మనమే అడగాలి. ఎస్టిమేటులో దానికి గడి ఉండదు.