ఇంటనున్న పెద్ద కుమారుడు: బిషప్పు అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగము: లూకా 15:25–32



తప్పిపోయిన కుమారుని గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వినియున్నాము. దూరదేశము పోయినవాడు, తండ్రి ఆస్తిని పాడుచేసినవాడు, పందుల యొద్ద బుద్ధి తెచ్చుకొని ఇంటిదారి పట్టినవాడు. వాడు తిరిగివచ్చెననగానే మన కండ్లు చెమ్మగిల్లును. అయితే పొలమునుండి వచ్చి గుమ్మము వెలుపల నిలిచిపోయిన పెద్ద కుమారుని దగ్గరకు వచ్చుసరికి ప్రసంగికునికి సమయము చాలదు. కానుక పట్టుటకు పెద్దలు లేచెదరు. నేనును ఎన్నోమారులు అట్లే ముగించితిని. ఆ పెద్దవాడు ఇల్లు విడువలేదు, త్రాగలేదు, తండ్రి పని మానలేదు. వానికి మారుమనస్సు దేనికి?

ఈ ప్రశ్న మనది. మన తాతలు ముత్తాతలు బాప్తిస్మము పొందిరి. విగ్రహములను, త్రాగుడును, చచ్చిన పశువు మాంసమును విడిచినవారు వారు. మనము పుట్టినప్పటినుండి గుడిలోనే యున్నాము. మారుమనస్సు అనగానే వెనుక బల్లమీద కూర్చున్న క్రొత్తవానివైపు చూచెదము.

అందుచేత ఈ నెల బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవితము వ్రాయ దలచితిని. సెమినరీలో సంఘ చరిత్ర పాఠములో ఆయనను గూర్చి తేదీలు కంఠస్థము చేసితిని, పరీక్ష వ్రాసితిని, మరచితిని. ఆయన మనకు దూరపువారు కారు. మొగుళ్లపల్లినుండి వరంగల్లు వరకు బస్సు, అక్కడ రైలెక్కి మానుకోట దాటిపోయినయెడల దోర్నకల్లు జంక్షను వచ్చును. గుమ్మటములతోను మినారులతోను ఆయన కట్టించిన దేవాలయము అక్కడనే యున్నది.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై అను గ్రామములో జన్మించిరి. వారు నాడార్ కులస్థులు. తండ్రి థామస్ వేదనాయకంగారు హిందూ కుటుంబమునుండి వచ్చి క్రీస్తును అంగీకరించి గ్రామ గురువైనవారు. తల్లి ఎలెన్‌గారు. చాలకాలము ప్రార్థించిన తరువాత కలిగిన కుమారుడు గనుక బైబిలులోని సమూయేలు పేరు పెట్టిరి. ఆయన బాలుడై యుండగానే తండ్రి చనిపోయెను. మిషను బడులలోను, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివిరి గాని పట్టా పుచ్చుకొనలేదు. విద్యార్థిగా నున్నప్పుడే కులభేదము పోవలెనని తోటివారితో కలిసి ఒక సహోదర సంఘమును పెట్టిరి. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణ దేశమంతట తిరిగి యువకులకు బోధించిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహము చేసికొనిరి. కట్నము పుచ్చుకొనలేదు. (ఈ వాక్యమును మన పెండ్లికుమారుల తండ్రులు రెండుమారులు చదువవలెనని కోరుచున్నాను.)

ఇంతవరకు చూచినయెడల ఈ యువకుని జీవితములో ఒప్పుకొనదగిన పాపమేమున్నది? గురువుగారి కుమారుడు, ప్రార్థనాపరుడు, ప్రసంగికుడు. పెద్ద కుమారుని వలె ఎల్లప్పుడు తండ్రితో కూడ ఇంటనున్నవాడు.

1902లో ఆయన సింహళ ద్వీపములోని యాఴ్పాణము, అనగా జాఫ్నా, పట్టణమునకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు సంఖ్యలో కొద్దివారు. అయినను వారు తమ సొంత డబ్బు కూర్చుకొని, సముద్రము దాటించి, తమిళ దేశములో సువార్త అందని తీరమునకు పనివారిని పంపుచుండిరి. ఈ సంగతి విన్నప్పుడు అజరయ్యగారి మనస్సునకు సిగ్గు తగిలెను. తిరునల్వేలిలో వేలకొలది క్రైస్తవులున్నారు, గుడులున్నవి, బడులున్నవి, గురువులున్నారు. వంద సంవత్సరములకు పైగా ఎవరో తెచ్చి పెట్టినది తిన్నారు గాని తాము మరియొకరికి పెట్టలేదు. చెడ్డపని చేసినందుకు కలిగిన సిగ్గు కాదిది. చేయవలసినది చేయక, ఆ చేయకపోవుట కంటికి కనబడనైనను కనబడక, నెమ్మదిగా కూర్చున్నందుకు కలిగిన సిగ్గు.

సిగ్గు అందరికిని కలుగును. ఉజ్జీవ కూటములలో నేను వందలమంది కన్నీరు చూచితిని. సోమవారమునాడు పొలము గట్టు దగ్గర తగవు యథాప్రకారము జరుగును. అజరయ్యగారు తమ సిగ్గును ఇంటికి తీసికొనివచ్చి పెద్దల ముందర పెట్టిరి. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునల్వేలి భారత మిషనెరీ సంఘము ఏర్పడెను. సొమ్ము మనవారిది, మనుష్యులు మనవారు, నడుపువారు మనవారు అనునది దాని కట్టడ. సువార్త చేరని చోటు వెదకగా నైజాము రాజ్యములోని మానుకోట తాలూకా దొరకెను. మరుసటి సంవత్సరము శామ్యూల్ పాక్యనాథన్ అను యువకుడు తొలి మిషనెరీగా బయలుదేరెను. తమిళునికి మన తెలుగు దేశము పరదేశమే. భాష తెలియదు, ఎండ అలవాటు లేదు. 1905 క్రిస్మస్‌నాడు శ్రీరాంపూరులో సర్వభారత జాతీయ మిషనెరీ సంఘము స్థాపింపబడినప్పుడును అజరయ్యగారు ముందుండిరి.

అయితే ఇక్కడ నాకు నచ్చిన సంగతి వేరు. ఇతరులను పంపి తాను పట్టణములో కార్యదర్శిగా నుండుట ఆయన మనస్సునకు ఎంతోకాలము పొసగలేదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, వై.ఎం.సి.ఏ. ఉద్యోగము విడిచి, భార్యాబిడ్డలతో దోర్నకల్లునకు వచ్చిరి. ముప్పదియైదేండ్ల వయస్సులో మన అక్షరములు దిద్దిరి. జాఫ్నాలో కలిగిన మారుమనస్సు దోర్నకల్లు చేరుటకు ఏడేండ్లు పట్టినదన్నమాట. దేవుడు ఆయనతో ఓర్చుకొనెను.

1910 జూనులో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరములో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు, అందులో ఆసియావారు బహు కొద్దిమంది. అజరయ్యగారు లేచి, తెల్ల మిషనెరీలు మనకొరకు ధనమును ప్రాణమును ఇచ్చుచున్నారు గాని మనతో ఒక పంక్తిని కూర్చొనుట లేదని భావము వచ్చునట్లు చెప్పిరి. చేయూత ఉన్నది, చెలిమి లేదు. సభలో కొందరికి ఈ మాట మిక్కిలి కష్టముగా తోచెను. అయినను వంద సంవత్సరముల తరువాతను ఆ సభను తలంచువారు ఆ ప్రసంగమును తలంచుచునే యున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెంట్ పాల్స్ కథీడ్రలులో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. కొందరు తెల్లవారు ఒప్పుకొనలేదు. మనవారిలోను ఒప్పుకొననివారుండిరి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు డాక్టరు బిరుదము నిచ్చిరి. బిరుదుల సంగతి ఇంతటితో చాలును.

ఇప్పుడు అసలైన కథ. తెల్లవారిని ఎడింబరోలో ఏ ప్రశ్న అడిగిరో అదే ప్రశ్న దోర్నకల్లు సీమలో ఆయనకు ఎదురుపడెను. ఇక్కడ తెల్లవారు లేరు. మాలవారు, మాదిగవారు ఉండిరి. ఊరంతయు ఇరువురిని అంటరానివారని వెలివేయుచుండగా, మాలవాడలో బాప్తిస్మము పొందినవారు మాదిగవాడవారితో కలిసి ప్రభువు సంస్కారము పుచ్చుకొనుటకు వెనుదీయుచుండిరి. ఒక వాడకు ఉపదేశి వచ్చినయెడల మరియొక వాడవారు ఆయన మావాడు కాడనిరి. తన్ను పంక్తిలో కూర్చుండబెట్టలేదని తెల్లవానిని అడిగిన మనిషి, తన ప్రక్కవానిని పంక్తిలో కూర్చుండనిచ్చుచున్నాడా? బిషప్పుగారు ఈ విషయములో రాజీపడలేదు. బల్ల ఒక్కటే, పాత్ర ఒక్కటే అని బోధించిరి. అన్ని ఊళ్లలో గెలిచిరని నేను చెప్పను. నేటికిని ఏ ఊరిలో ఏ సమాధుల దొడ్డి వేరుగా నున్నదో మనకు తెలియును.

ఆయన ఎడ్లబండిమీదను సైకిలుమీదను పల్లెలు తిరిగిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగును పల్లెను పట్టిన నాలుగు దయ్యములని చెప్పెడివారు. ఇందులో అప్పును కూడ చేర్చుట గమనింపుడు. మనము పాపముల పట్టికలో అప్పును వ్రాయము. పెండ్లికి, పండుగకు చేసిన అప్పుచేత తండ్రి దొరయింట జీతమునకు కుదురగా, కుమారుడు బడి మానును, ఆదివారము ఆరాధన పోవును. ఆత్మ సంగతి ఒకచోట, ఇంటి సంగతి ఒకచోట ఉండవని ఆయన ఎరిగియుండిరి. ఆ పనిలో ఆయన భార్య అన్బుగారు స్త్రీల మధ్య తానును పాటుపడెను.

బాప్తిస్మము పొందినవారిచేత తమ తలమీద తమ చేయి పెట్టించి, సువార్త ప్రకటింపనియెడల తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను చెప్పించెడివారు. చదువురాని కూలివాడు, పాలేరు, ముసలవ్వ, అందరును చెప్పవలసినదే. తిరునల్వేలివారు వంద సంవత్సరములు చేసిన ఆలస్యమును ఈ సంఘము మొదటి దినముననే చేయకూడదని ఆయన తలంపై యుండవచ్చును. ఏటేట ఒక వారము సాక్ష్యపు వారముగా నుండెను. అప్పుడు విశ్వాసులు గుంపులుగా ప్రక్క ఊళ్లకు పోయి, పాటలు పాడి, తమ మాటలతో క్రీస్తును చెప్పిరి.

1930 తరువాత ఒక విచిత్రము జరిగెను. ఊరి రైతు కులములవారు కొందరు గుడికి రాసాగిరి. వారిని తెచ్చినది ప్రసంగము కాదు. తమ పొలములో పనిచేయువాడు త్రాగుట మానెను, దొంగిలుట మానెను, శుభ్రముగా నున్నాడు, తిట్టినను మరల తిట్టడు. వీనికి ఏమైనది అని వారు విచారించిరి. మారుమనస్సు పొందినవాడు తన మారుమనస్సును గూర్చి చెప్పనక్కరలేకపోయెను, ఎదుటివాడే అడిగెను.

ఆ కాలముననే గాంధీగారు ఈ సామూహిక బాప్తిస్మములను విమర్శించిరి. చదువులేని బీదవారికి మతమును గూర్చి తెలిసి నిర్ణయించు శక్తి ఎక్కడిదని ఆయన అనుమానము. అజరయ్యగారు తమ పల్లె ప్రజల పక్షముగా నిలిచి, బీదవానికిని మనస్సాక్షి కలదని, తన దేవుని తాను కోరుకొను హక్కు కలదని వాదించిరి. అజరయ్యగారిదే న్యాయమని నా నమ్మకము. అయినను గాంధీగారి అనుమానమును పూర్తిగా త్రోసివేయలేను. పంచిన బియ్యమునకు వచ్చి, బియ్యము ఆగగానే పోయినవారు మన రిజిష్టరులలో లేరా? ఆ ప్రశ్నకు జవాబు పుస్తకములలో కాక మన ఇండ్లలో ఉండవలెను.

కృష్ణా ప్రాంతపు సంఘములును దోర్నకల్లు అధ్యక్ష మండలములో చేరెను. 1941 నాటికి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. దోర్నకల్లులోని ప్రభువు ప్రత్యక్షత దేవాలయము కట్టుటకు చాల ఏండ్లు పట్టెను. 1939 జనవరి 6న దానిని ప్రతిష్ఠించిరి. హిందూ గుడి పోలికయు మసీదు పోలికయు అందులో కలిసి కనబడును. దక్షిణ భారత సంఘములన్నియు ఒకటి కావలెనని 1919లో తరంగంబాడి సమావేశము మొదలుకొని ఆయన పాటుపడిరి. 1947 సెప్టెంబరు 27న ఆ ఐక్యత జరిగెను గాని ఆయన చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్లులో ప్రభువునందు నిద్రించిరి. అప్పటివరకు ఆంగ్లికను సంఘములో ఒక అధ్యక్ష మండలమును ఏలిన భారతీయ బిషప్పు ఆయన ఒక్కరే.

ఇది వ్రాయుచు నేను మా చర్చి మెట్లమీద కూర్చున్నాను. ఇక్కడినుండి చూచినయెడల చెరువుకట్ట అవతల నాలుగు రేకుల కప్పులు కనబడును. డక్కలివారి ఇండ్లు. వారు మా మాదిగలను అడుగుకొని బ్రదికినవారు. ఊరు మా తాతలను గడప ఎక్కనీయలేదు, మా తాతలు వారిని గడప ఎక్కనీయలేదు. ఈ సంఘమునకు నేను వచ్చి పదకొండేండ్లైనది. ఊరిలోని దొరల అహంకారమును గూర్చి ఎన్నో ప్రసంగములు చేసితిని. ఆ కట్ట మాత్రము దాటలేదు. ఎవరును వద్దనలేదు, పోవలెనని నాకు తోచనేలేదు.

పోయిన మంగళవారము సాయంకాలము నేనును, సంఘ పెద్ద ఒకరును కట్ట దాటి పోయితిమి. మొదటి ఇంటి ముందర ఒక ముసలమ్మ బియ్యము చెరుగుచుండెను. నన్ను గుర్తుపట్టి లేచి నిలుచుండెను. గుడి గంట రోజూ వినబడుతది గదా పాస్టరయ్యా, ఇన్నేండ్లకా వచ్చుడు, అని అడిగెను. నేనేమియు చెప్పలేకపోతిని. ఆమె లోపలికి పోయి చాప తెచ్చి పరచెను. మేము కూర్చుంటిమి. ఆమె స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఇచ్చుటకు జంకి, నా చేతికి అందనంత దూరములో నిలిచెను. నేను లేచి పోయి పుచ్చుకొంటిని. సంఘ పెద్దగారు కొంతసేపు గ్లాసువైపు చూచి, తరువాత తానును త్రాగెను.