కూలికి ఒక పౌను గింజలు

1876-78 ధాత కరువు నాటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు. బత్తలపల్లె ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ కరువులో కూలి తగ్గించిన దొర సర్ రిచర్డ్ టెంపుల్.

1826లో ఇంగ్లండులో పుట్టిన టెంపుల్ కఠినాత్ముడేమీ కాదు. 1874లో బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి ధారాళంగా పంచాడు. చావులు బహు తక్కువ. అయితే ఖర్చు మితిమీరిందని పైవారు నిందించారు. 1877లో మద్రాసు రాజధానికి వచ్చిన టెంపుల్ వేరే మనిషి. కరువు పనిలో దినమంతా కష్టపడే మగవానికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, కొద్ది చిల్లర చాలునన్నాడు. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. ఆ తిండితో పనిమనిషి బ్రతకడని డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకే ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే ఎందరో రాలిపోయారు. టెంపుల్ బొంబాయి గవర్నరై, 1902లో కన్నుమూశాడు.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. పని అడగడం చట్టబద్ధమైన హక్కయింది.

ఆకలిగొన్నవాడు బేరమాడలేడు. కనుక కూలి కట్టేవారే ముందుగా ఆలోచించాలి: ఈ డబ్బుతో ఆ ఇంట ఎన్ని సంగటి ముద్దలు?